హైన్రిచ్ బార్క్‌హౌసెన్

హైన్రిచ్ గేయోర్గ్ బార్క్‌హౌసెన్ (డిసెంబరు 2, 1881 - ఫిబ్రవరి 20, 1956) ప్రసిద్ధ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, విద్యుత్ ఇంజనీరు, అధ్యాపకుడు. ఇనుము అయస్కాంతంగా మారేటప్పుడు ఆ మార్పు నున్నగా సాగక చిన్న చిన్న గెంతులుగా జరుగుతుందని చెవికి వినిపించేలా నిరూపించినవాడు ఈయనే. ఈ విషయము బార్క్‌హౌసెన్ ఫలితము అనే పేరుతో భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. ఎలక్ట్రాన్ వాల్వుల సిద్ధాంతానికీ, డోలకాల సిద్ధాంతానికీ, ధ్వని తీవ్రతను కొలిచే పద్ధతికీ ఈయన చేసిన సేవ గొప్పది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శత్రువుల టెలిఫోను సంభాషణలను చాటుగా వినే పరికరాలలో వినిపించిన వింత ఈలలను గురించి ఈయన 1919లో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. ఆ ఈలలు ఏమిటో ఆనాడు ఈయనకు తెలియదు. తెలియని సంగతిని తెలియనట్లుగానే లోకం ముందుంచాడు. భూమి చుట్టూ వేల కిలోమీటర్ల దూరం వ్యాపించిన అయస్కాంతావరణాన్ని, ముఖ్యంగా ధ్రువ ప్రాంతాలలో పుట్టే సహజ రేడియో ధ్వనులను పరిశోధించే శాస్త్ర విభాగానికి ఆ వ్యాసమే తొలి మెట్లలో ఒకటి అయింది.

బాల్యము, విద్యాభ్యాసము

బార్క్‌హౌసెన్ ఉత్తర జర్మనీలోని బ్రెమెన్ నగరంలో 1881 డిసెంబరు 2న జన్మించాడు. చిన్ననాటి నుండి ప్రకృతి శాస్త్రాలపైనా, సాంకేతిక విషయాలపైనా ఆసక్తి చూపాడు. ఒకే విశ్వవిద్యాలయంలో చదువు ముగించక, పలు చోట్ల పలువురు ఆచార్యుల వద్ద నేర్చుకోవడం ఆనాటి జర్మన్ విద్యార్థులలో సాధారణం. ఈయన కూడా మ్యూనిచ్, బెర్లిన్ నగరాలలో చదివి, చివరకు గణితానికి, భౌతికశాస్త్రానికి పేరుపడిన గోటింగెన్ విశ్వవిద్యాలయానికి చేరాడు.

1907లో గోటింగెన్ నుండి డాక్టరేటు పొందాడు. డోలనాలను, అందులోనూ వేగవంతమైన విద్యుత్ డోలనాలను ఉత్పత్తి చేయడం ఎలా అన్నది ఆయన పరిశోధనాంశం. గంట మోగినా, తంత్రి కంపించినా, వలయంలో విద్యుత్తు ఊగిసలాడినా వాటన్నిటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. డోలనం ఆగిపోకుండా సాగాలంటే ప్రతి ఊపులోనూ పోయిన శక్తిని బయటి నుండి సరియైన సమయంలో భర్తీ చేయాలి. యువకుడిగా పట్టుకున్న ఈ సూత్రమే ఈయన తరువాతి పరిశోధనలలో చాలావాటికి ఆధారమైంది.

డాక్టరేటు తరువాత కొంతకాలం బెర్లిన్‌లో సీమెన్స్ - హాల్‌స్కే సంస్థలో పనిచేశాడు.

డ్రెస్డెన్‌లో ఆచార్యత్వము

1911లో డ్రెస్డెన్ సాంకేతిక విద్యాలయము బార్క్‌హౌసెన్‌ను ఆచార్యునిగా నియమించింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు. ఆ పీఠం విషయము బలహీన విద్యుత్ ప్రవాహాల సాంకేతిక శాస్త్రం. ఆ రోజులలో విద్యుత్ ఇంజనీరింగు అంటే డైనమోలు, మోటార్లు, దీపాలు, ట్రాము బండ్లు. వీటిలో ప్రవహించేది బలమైన విద్యుత్తు. టెలిగ్రాఫు, టెలిఫోను, కొత్తగా వచ్చిన వైర్‌లెస్ పరికరాలలో ప్రవహించేది అతి స్వల్పమైన విద్యుత్తు. అది శక్తిని కాక వార్తను మోస్తుంది. ఈ రెండవ విభాగానికే ప్రత్యేకించిన ఆచార్య పీఠము ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు. నేడు ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్ అని పిలిచే చదువుకు ఇది తొలి రూపం.

మిగిలిన జీవితమంతా బార్క్‌హౌసెన్ డ్రెస్డెన్‌లోనే గడిపాడు. ఆయన వద్ద చదువుకోవడానికి విదేశాల నుండి కూడా విద్యార్థులు వచ్చేవారు. వారిలో జపాన్ దేశస్థుడు హిదెత్సుగు యాగి ఒకడు. 1913లో డ్రెస్డెన్ చేరిన యాగి, 1914లో స్విట్జర్లాండులో ఉండగా యుద్ధం మొదలు కావడంతో తిరిగి జర్మనీకి రాలేకపోయాడు. అక్కడి నుండి లండను వెళ్ళి ఫ్లెమింగ్ వద్ద పనిచేశాడు. ఒకప్పుడు మన ఇళ్ళ డాబాలపై కనిపించిన టీవీ యాంటెన్నాను యాగి యాంటెన్నా అని పిలిచేది ఈ యాగి పేరు మీదనే.

యుద్ధరంగంలో వినిపించిన ఈలలు

యాగిని తన గురువుకు దూరం చేసిన యుద్ధమే బార్క్‌హౌసెన్‌ను కొత్త మార్గంలోకి తీసుకుపోయింది. యుద్ధకాలంలో ఆయన జర్మన్ నౌకాదళం కొరకు పనిచేశాడు. నీటి అడుగున ధ్వని ఎంత దూరం, ఏ విధంగా ప్రయాణిస్తుందో హ్యూగో లిఖ్టె అనే శాస్త్రవేత్తతో కలిసి కొలిచాడు. అప్పుడే వాడుకలోకి వస్తున్న ఎలక్ట్రాన్ వాల్వు వర్ధకాల (ఆంప్లిఫయర్ల) మీద కూడా పనిచేశాడు.

కందకాల యుద్ధంలో సైనికులు టెలిఫోనుకు తరచుగా ఒకే తీగను వాడేవారు. విద్యుత్తు తిరిగి వచ్చే రెండవ దారిగా నేలనే ఉపయోగించేవారు. దీనివల్ల మాట్లాడుతున్న మాటల విద్యుత్తులో కొంత భాగం చుట్టుపక్కల నేలలోకి పాకుతుంది. శత్రుపక్షం వారు తమ వైపు నేలలో, కొన్ని వందల మీటర్ల ఎడంలో, రెండు లోహపు మేకులు పాతి, వాటి తీగలను శక్తివంతమైన వర్ధకానికి కలిపి, చెవికి రిసీవరు పెట్టుకుంటే ఆ మాటలు సన్నగా వినిపిస్తాయి. ఏ పటాలం ఎటు కదులుతున్నదో, ఫిరంగులు ఏ వైపు గురిపెట్టారో తెలుసుకోవడానికి రెండు పక్షాలూ ఈ ఉపాయాన్ని వాడాయి. వినిపించిన ఒక్కొక్క మాట మీద ఎందరో సైనికుల ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

ఇలా వింటున్నవారికి మాటల నడుమ మరొక ధ్వని అడ్డు వచ్చేది. మొదట కీచుగా మొదలై, ఒక సెకను వ్యవధిలో క్రమంగా దిగజారి, మంద్రస్థాయికి చేరి అణగిపోయే ఈల అది. తలమీదుగా ఫిరంగి గుండు దూసుకుపోతున్నప్పుడు వినిపించే కూతను అది పోలి ఉండేది. సైనికులు దానిని గుండ్లు ఎగిరే చప్పుడుగానే భావించారు. కొన్ని రోజులలో ఈలలు అసలు ఉండేవి కావు. మరికొన్ని రోజులలో ఎంత బలంగా, ఎంత తరచుగా వచ్చేవంటే శత్రువుల మాటలు వినడమే సాధ్యమయ్యేది కాదు.

పరికరంలో లోపమని తోసివేసి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. బార్క్‌హౌసెన్ అలా చేయలేదు. యుద్ధం ముగిసిన తరువాత 1919లో, కొత్త వర్ధకాల సాయంతో కనుగొన్న రెండు దృగ్విషయాలను గురించి జర్మన్ భౌతికశాస్త్ర పత్రికలో మూడు పుటల వ్యాసం ప్రచురించాడు. ఆ రెండింటిలో ఒకటి ఈ ఈలలు. రెండవది తరువాత ఆయన పేరుతో ప్రసిద్ధమైన ఫలితము.

ఇనుములోని చిటపటలు - బార్క్‌హౌసెన్ ఫలితము

ఒక ఇనుప కడ్డీ చుట్టూ తీగచుట్టను అమర్చి, ఆ చుట్టను వర్ధకానికి, రిసీవరుకు కలిపి, ఒక అయస్కాంతాన్ని నెమ్మదిగా కడ్డీ దగ్గరకు తెస్తే చిటపటమనే ధ్వని వినిపిస్తుంది. అయస్కాంతాన్ని ఎంత నిదానంగా కదిపినా ఈ చిటపటలు ఆగవు. ఇనుములో మార్పు ఎడతెగని ధారగా జరుగుతుంటే ఇలాంటి ధ్వని రాకూడదు. కాబట్టి ఇనుము అయస్కాంతీకరణము గెంతులు గెంతులుగా జరుగుతున్నదని బార్క్‌హౌసెన్ నిర్ణయించాడు.

ఇనుము వంటి పదార్థాలలో చిన్న చిన్న అయస్కాంత ప్రదేశాలు (డొమైన్లు) ఉంటాయని ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ వైస్ 1907లోనే ప్రతిపాదించాడు. వాటి ఉనికిని సూచించే తొలి ప్రయోగాత్మక సాక్ష్యము బార్క్‌హౌసెన్ ప్రయోగం వల్ల లభించింది. డొమైన్ల మధ్య సరిహద్దులు లోహంలోని లోపాల వద్ద చిక్కుకొని, బలం చాలినప్పుడు ఒక్కసారిగా ముందుకు గెంతడం వల్ల ఈ ధ్వని పుడుతుందని తరువాత తేలింది. లోహపు భాగాలను విరగగొట్టకుండా, కోయకుండా వాటిలోని ఒత్తిడులను పరీక్షించడానికి నేటి పరిశ్రమలలో ఈ ధ్వనినే వినియోగిస్తున్నారు.

వాల్వులు, డోలనాలు, ధ్వని కొలత

1920లో కార్ల్ కుర్ట్జ్‌తో కలిసి బార్క్‌హౌసెన్ ఒక కొత్త రకం డోలకాన్ని ప్రకటించాడు. మామూలు వాల్వులతో సాధించలేనంత ఎక్కువ పౌనఃపున్యం గల తరంగాలను ఇది పుట్టించగలిగింది. వాల్వులోని జాలకానికి (గ్రిడ్‌కు) ధన విద్యుత్ పీడనం ఇచ్చినప్పుడు ఎలక్ట్రాన్లు దాని అటూ ఇటూ ఊగడమే ఇందులోని కీలకం. 1931లో ఇంగ్లీషు ఛానెల్ మీదుగా డోవర్, కలే పట్టణాల మధ్య సుమారు 18 సెంటీమీటర్ల పొడవు గల తరంగాలతో టెలిఫోను సంబంధం ప్రదర్శించినప్పుడు ఈ రకపు వాల్వులనే ఉపయోగించారు.

ఎలక్ట్రాన్ వాల్వులపై ఈయన రచించిన గ్రంథము పలు సంపుటాలుగా వెలువడి ఒక తరం ఇంజనీర్లకు ప్రామాణిక పాఠ్యగ్రంథమైంది. వాల్వుకు ఉన్న మూడు ముఖ్య లక్షణాలలో ఏ రెండు తెలిసినా మూడవదాన్ని లెక్కించవచ్చునని చెప్పే సూత్రము బార్క్‌హౌసెన్ సూత్రంగా ప్రసిద్ధం. డోలకాలకు సంబంధించిన బార్క్‌హౌసెన్ నిబంధనను ఇంజనీరింగు విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. సభలలో మైకును లౌడ్‌స్పీకరుకు దగ్గరగా తెస్తే కూత పెట్టడం అందరికీ తెలిసినదే. స్పీకరు నుండి మైకుకు తిరిగివచ్చిన ధ్వని, ఒక చుట్టు పూర్తిచేసే సరికి మొదటి బలం తగ్గకుండా, మొదటి ఊపుతో కలిసి ఊగేటట్లు ఉంటే కూత ఆగకుండా సాగుతుంది. ఈ నిబంధనే డోలకాలకు గణితరూపంలో వర్తిస్తుంది.

మనిషి చెవికి ధ్వని ఎంత బిగ్గరగా తోస్తున్నదో కొలవడానికి ఫాన్ అనే ప్రమాణాన్ని 1926లో ఈయన ప్రతిపాదించాడు. కొలవదలచిన చప్పుడును ఒక ప్రామాణిక ధ్వనితో చెవితోనే పోల్చి చూసే పద్ధతి అది. వీధుల, కర్మాగారాల రొదను అంకెలలో చెప్పడానికి ఇది తోడ్పడింది.

ఇనుములోని చిటపటలు, తీగలపై ఈలలు, వీధిలోని రొద - మూడింటిలోనూ బార్క్‌హౌసెన్ చెవినే కొలత సాధనంగా వాడుకోవడం గమనించదగినది.

ఈలల చిక్కుముడి

ఈలలను మొదట విన్నది బార్క్‌హౌసెన్ కాదు. 1886లోనే ఆస్ట్రియాలో ఒక పొడవైన టెలిఫోను తీగపై ఇలాంటి ధ్వనులు వినిపించినట్లు దాఖలా ఉన్నది. 1894 మార్చి నెలాఖరులో ధ్రువజ్యోతులు (అరోరా) కనిపించిన సమయంలో బ్రిటన్‌లోని టెలిగ్రాఫు తీగలపై వింత ధ్వనులు విన్నట్లు అక్కడి తపాలా శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ తెలిపాడు. అయితే వాల్వు వర్ధకాలు వచ్చిన తరువాత ఈ దృగ్విషయాన్ని గుర్తించి, దానిని శాస్త్ర సమస్యగా నిలిపిన ఘనత బార్క్‌హౌసెన్‌ది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం కావలసి ఉన్నది. ఈ ఈలలు గాలిలో ప్రయాణించే శబ్ద తరంగాలు కావు. ఇవి విద్యుదయస్కాంత తరంగాలు, అనగా రేడియో తరంగాలే. వీటి పౌనఃపున్యం కొన్ని వందల హెర్ట్జ్ నుండి పదుల వేల హెర్ట్జ్ వరకు ఉంటుంది. రేడియో తరంగాలలో ఇది అతి తక్కువ పౌనఃపున్యం గల తెగ. మనిషి చెవి వినగలిగిన శబ్దాల పౌనఃపున్యం కూడా సుమారుగా ఇదే. అందువల్ల ఈ తరంగాలు పొడవైన తీగలో కలిగించే విద్యుత్తును వర్ధకం గుండా రిసీవరుకు పంపితే చాలు, అది నేరుగా శబ్దంగా వినిపిస్తుంది. స్టేషను పట్టే రేడియో సెట్టు అవసరమే లేదు.

1930లో అమెరికాలోని రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో బార్క్‌హౌసెన్ ఈ విషయంపై మరల వ్రాశాడు. మెరుపులో పుట్టిన తరంగాలే ఈలలకు మూలమని భావించి, మెరుపు చేసే టప్పుమనే చప్పుడు ఈలగా ఎలా మారుతుందో చెప్పడానికి రెండు మార్గాలు చూపాడు. మొదటిది, మెరుపు తరంగము భూమికీ, పైనున్న అయనావరణానికీ మధ్య మళ్ళీ మళ్ళీ ప్రతిఫలించడం. రెండవది, విక్షేపణము. అనగా విద్యుదావేశిత కణాలున్న ప్రదేశంలో హెచ్చు పౌనఃపున్య తరంగాలు వేగంగాను, తక్కువ పౌనఃపున్య తరంగాలు నెమ్మదిగాను ప్రయాణించడం.

ఒకే ఊరి నుండి ఒకేసారి తిరునాళ్ళకు బయలుదేరిన జనంలో వడిగా నడిచేవారు ముందు చేరతారు, పిల్లలు, ముసలివారు వెనుక వస్తారు. దారి ఎంత పొడవైతే వారి మధ్య ఎడం అంత పెరుగుతుంది. మెరుపు తరంగాలూ అంతే. కీచు స్వరాలు ముందు, మంద్ర స్వరాలు వెనుక చేరితే ఈల వినిపిస్తుంది. కాని ఎడం ఒక సెకను దాకా పెరగాలంటే దారి చాలా పొడవుగా ఉండాలి. ఆనాటికి తెలిసిన అయనావరణంలో అంతటి దారి లేదు. అందుచేత రెండు మార్గాలలో దేనినీ బార్క్‌హౌసెన్ తుది సమాధానంగా తేల్చలేకపోయాడు.

ఇతర దేశాలలోనూ కృషి సాగింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన బర్టన్, బోర్డ్‌మన్‌లు 1933లో ఈలలనే కాక, వేకువన పక్షుల కిలకిలలను పోలిన మరొక సహజ రేడియో ధ్వనిని కూడా వర్ణించారు. దీనికి కోరస్ అనే పేరు స్థిరపడింది. బ్రిటన్‌లో మార్కోనీ సంస్థకు చెందిన ఎకర్స్‌లీ 1935లో భూ అయస్కాంత క్షేత్రాన్ని లెక్కలోకి తీసుకొని విక్షేపణ సిద్ధాంతాన్ని గణితపరంగా సరిచేశాడు. అయినా ఆ పొడవైన దారి ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియలేదు.

యుద్ధ విధ్వంసము, పునర్నిర్మాణము

1945 ఫిబ్రవరి నడుమ మిత్రరాజ్యాల విమానాలు జరిపిన బాంబు దాడులలో డ్రెస్డెన్ నగరం తగులబడింది. మూడు దశాబ్దాలకు పైగా బార్క్‌హౌసెన్ పెంచి పోషించిన పరిశోధనాలయము కూడా ఆ విధ్వంసంలో నాశనమైంది. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. యుద్ధానంతరం డ్రెస్డెన్ సోవియట్ ఆక్రమణ మండలంలో చేరింది. 1949లో తూర్పు జర్మనీ దేశంలో భాగమైంది. బార్క్‌హౌసెన్ నగరాన్ని విడిచిపోక అక్కడే ఉండి, తన సంస్థను మరల నిలబెట్టే పనికి పూనుకున్నాడు. 1949లో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఆయనకు జాతీయ బహుమతి ఇచ్చి గౌరవించింది.

1956 ఫిబ్రవరి 20న, 74 ఏళ్ళ వయస్సులో బార్క్‌హౌసెన్ డ్రెస్డెన్‌లో మరణించాడు.

చిక్కుముడి వీడిన వైనము

బార్క్‌హౌసెన్ లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం ఆయన జీవితపు చివరి సంవత్సరాలలో లభించింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఓవెన్ స్టోరీ ఈలలను ఓపికగా విని, నమోదు చేసి, 1953లో ఫలితాలను ప్రకటించాడు.

స్టోరీ గమనించిన సంగతి ఇది. కొన్ని ఈలలకు ముందు టప్పుమనే చప్పుడు వినిపిస్తుంది. అది దగ్గరలోని మెరుపు. వీటి ఈలలు పొడవుగా సాగుతాయి. మరికొన్ని ఈలలకు ముందు ఏ చప్పుడూ ఉండదు. ఇవి పొట్టివి. పొట్టి ఈలకు ప్రతిధ్వనులు వచ్చినప్పుడు వాటి సాగుదల 1, 3, 5 నిష్పత్తిలోను, పొడవు ఈలకు 2, 4, 6 నిష్పత్తిలోను ఉంటుంది. దీనిని బట్టి తరంగము భూ అయస్కాంత బలరేఖల వెంట ఒక అర్ధగోళం నుండి మరొక అర్ధగోళానికి పోతున్నదని తేలింది. అవతలి అర్ధగోళంలో మెరిసిన మెరుపు ఒక్క ప్రయాణంతో ఇక్కడకు చేరి పొట్టి ఈల అవుతుంది. ఇక్కడ మెరిసిన మెరుపు అవతలికి పోయి తిరిగివచ్చి, రెండు ప్రయాణాలు చేసి, పొడవు ఈల అవుతుంది.

బార్క్‌హౌసెన్‌కు కనిపించని పొడవైన దారి ఇదే. అది భూమధ్యరేఖకు ఎగువన పదివేల కిలోమీటర్ల స్థాయి ఎత్తుకు లేచి, తిరిగి దిగే మార్గం. ఆయన సూచించిన రెండు మార్గాలలో రెండవదైన విక్షేపణమే సరియైనదని రుజువైంది. అంతటి ఎత్తులో శూన్యమే ఉంటుందని అంతవరకు భావించేవారు. అక్కడ కూడా తగినన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయని ఈలలే తెలియజేశాయి. అలాస్కాలోని ఉనలాస్కాలోను, బలరేఖల రెండవ కొస ఉన్న న్యూజీలాండులోను ఒకే ఈలలను విని, ఆ పరిశీలనలను 1956లో ప్రకటించారు. ఉపగ్రహాలు ఇంకా పుట్టకముందే, నేలమీద కూర్చుని, రిసీవరులో వినిపించే ఈల ఆధారంతో మానవుడు అంతరిక్షాన్ని కొలిచాడు. తొలి ఉపగ్రహమైన స్పుత్నిక్ 1957 అక్టోబరులో, అనగా బార్క్‌హౌసెన్ మరణించిన ఏడాదిన్నర తరువాత, ఆకాశంలోకి వెళ్ళింది.

ధ్రువ ప్రాంతాల రేడియో ధ్వనులు

1957-58 నాటి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో ఈలలను వినే కేంద్రాలు అంటార్కిటికాతో సహా పలు చోట్ల వెలశాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హెల్లివెల్ ఈ కృషికి నాయకులలో ఒకడు. స్టాన్‌ఫర్డ్‌కే చెందిన కార్పెంటర్, ఈలల ఆకారంలోని ఒక మలుపును బట్టి, భూమి నుండి కొంత దూరం వెళ్ళగానే ఎలక్ట్రాన్ల సాంద్రత ఒక్కసారిగా పడిపోతున్నదని 1963లో చూపాడు. ఈ సరిహద్దుకు ప్లాస్మాపాజ్ అని పేరు.

ధ్రువాలకు బాగా దగ్గరైన చోట పరిస్థితి వేరు. అక్కడి బలరేఖలు వంపు తిరిగి మరొక అర్ధగోళానికి వెంటనే చేరవు. సూర్యుని నుండి వీచే ఆవేశిత కణాల గాలికి అవి సాగి, భూమి వెనుక తోకవలె దూరంగా వ్యాపిస్తాయి. అందువల్ల మెరుపు ఈలలకు అక్కడ తగిన దారి లేదు. అయినా అక్కడి ఆకాశం మౌనంగా లేదు. ధ్రువజ్యోతులను వెలిగించే ఎలక్ట్రాన్లు బలరేఖల వెంట కిందికి దూసుకువచ్చేటప్పుడు బుసను పోలిన రేడియో ధ్వని పుడుతుంది. దీనిని ధ్రువజ్యోతి బుస అనవచ్చును. ఇంజున్-3 ఉపగ్రహ పరిశీలనల ఆధారంగా ఈ బుసకు, ఆ ఎలక్ట్రాన్లకు గల సంబంధాన్ని డొనాల్డ్ గర్నెట్ 1966లో చూపాడు. 1962 సెప్టెంబరులో ప్రయోగించిన కెనడా ఉపగ్రహం అలూయెట్-1 కూడా ఉత్తర ప్రాంతాల మీదుగా తిరుగుతూ ఈ తెగ తరంగాలను విన్నది.

పక్షుల కిలకిలను పోలిన కోరస్ పుట్టేది ముఖ్యంగా ప్లాస్మాపాజ్‌కు ఆవల, అయస్కాంత మధ్యరేఖ పరిసరాలలో. బలరేఖల చుట్టూ మెలికలు తిరుగుతూ పోయే ఎలక్ట్రాన్లు తమ శక్తిలో కొంత తరంగాలకు ఇవ్వడం వల్ల ఇది కలుగుతుంది. బలరేఖల వెంట దిగి, ధ్రువాలకు సమీప ప్రాంతాలలోని కేంద్రాలకు వినిపిస్తుంది. తరంగాలకు, ఎలక్ట్రాన్లకు మధ్య జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని పరీక్షించడానికి అంటార్కిటికాలోని సైపుల్ కేంద్రంలో మంచుపై 21 కిలోమీటర్లకు పైగా పొడవైన యాంటెన్నా పరచి, 1973 నుండి 1988 వరకు ప్రసారాలు చేశారు. అక్కడి నుండి పంపిన సంకేతాలు అయస్కాంతావరణం గుండా పోయి, దారిలో అనేక రెట్లు బలపడి, కెనడాలోని రోబెర్వల్‌లో వినిపించాయి.

1979లో వాయేజర్-1 నౌక బృహస్పతి గ్రహం వద్ద ఇలాంటి ఈలలనే నమోదు చేసింది. ఆ గ్రహం మీద కూడా మెరుపులు మెరుస్తాయనడానికి అది ఒక బలమైన సాక్ష్యమైంది. 2012 నుండి 2019 వరకు పనిచేసిన వాన్ అలెన్ జంట నౌకల పరిశీలనలు, భూమి చుట్టూ ఉన్న వికిరణ వలయాలలోని ఎలక్ట్రాన్లకు అమిత వేగం రావడంలో కోరస్ తరంగాల పాత్ర ఉన్నదని తెలిపాయి. ఈ ఎలక్ట్రాన్లు ఉపగ్రహాల పరికరాలను పాడుచేయగలవు. అందువల్ల ఒకప్పుడు వినోదంగా తోచిన ఈ ధ్వనుల అధ్యయనం నేడు అవసరంగా మారింది. భారతదేశంలో కూడా వారణాసి, నైనిటాల్, గుల్మార్గ్‌లలో ఈలలను నమోదు చేసి పరిశోధించారు.

గౌరవాలు, స్మారకాలు

1933లో అమెరికాలోని రేడియో ఇంజనీర్ల సంస్థ బార్క్‌హౌసెన్‌కు మోరిస్ లీబ్‌మన్ స్మారక బహుమతిని ప్రదానం చేసింది. ఆయన పనిచేసిన విద్యాలయానికి 1961లో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమని పేరు మారింది. అక్కడి ఒక భవనానికి బార్క్‌హౌసెన్ పేరు పెట్టారు. డ్రెస్డెన్‌లో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ కూడా ఏర్పడింది.

ముఖ్య ఘట్టాలు

* 1881 - బ్రెమెన్‌లో జననం.
* 1907 - గోటింగెన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు.
* 1911 - డ్రెస్డెన్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్య పదవి.
* 1919 - ఇనుములోని చిటపటలు, తీగలపై ఈలలు - రెండింటినీ ఒకే వ్యాసంలో ప్రకటించడం.
* 1920 - కుర్ట్జ్‌తో కలిసి హెచ్చు పౌనఃపున్య డోలకం.
* 1926 - ధ్వని తీవ్రతకు ఫాన్ ప్రమాణం.
* 1930 - ఈలలపై రెండవ వ్యాసం. రెండు వివరణల ప్రతిపాదన.
* 1945 - బాంబు దాడులలో పరిశోధనాలయం నాశనం.
* 1949 - తూర్పు జర్మనీ జాతీయ బహుమతి.
* 1953 - స్టోరీ పరిశోధనతో ఈలల మార్గం తేటతెల్లం.
* 1956 - డ్రెస్డెన్‌లో మరణం.